తెల్లగా పేరుకున్న చోట మడ మొక్క బతుకుతుందా?

ప్రశ్న: మాది గంజాం జిల్లాలో బాహుదా నది సముద్రంలో కలిసే మొగకి దగ్గరి ఊరు. ఇక్కడి పర్రలో, అంటే పోటు నీరు ఎక్కి దిగే ఉప్పు నేలలో, మొక్కలు ఎవరో తాడు పట్టి నాటినట్టు వరసలుగా ఉంటాయి. నీటి అంచున మడ, దాని వెనక వంగరెడ్డికూర, ఆపైన ఇలకూర, తర్వాత ఏమీ మొలవని తెల్లటి జాగా, దాని అవతల గడ్డి. ఆ ఖాళీ జాగాలో కుర్రాళ్లమంతా కలిసి మడ మొక్కలు నాటాలనుకుంటున్నాం. నీళ్లకి దూరం కాబట్టి ఉప్పు తక్కువే ఉంటుందని మా లెక్క. బతుకుతాయా?
– ఒక పాఠకుడు, గంజాం జిల్లా

జవాబు: అక్కడ నాటకండి. మీ పర్ర మొత్తంలో ఉప్పు ఎక్కువగా ఉన్న చోటు బహుశా అదే.

మీరు వేసిన లెక్క చాలామంది వేసేదే. కానీ నీటి అంచున ఉన్న బురదను పోటు నీరు రోజూ వచ్చి కడిగిపోతుంది, కాబట్టి అక్కడి ఉప్పు దాదాపు సముద్రపు నీటి ఉప్పు దగ్గరే, అంటే లీటరుకి సుమారు 35 గ్రాముల దగ్గరే ఆగుతుంది, వానాకాలంలో నది నీళ్లు కలిస్తే ఇంకా తగ్గుతుంది. అక్కడి నుంచి జానెడు, మూరెడు ఎత్తుకి వెళ్లారంటే అమావాస్యకి, పున్నమికి వచ్చే పెద్ద పోట్లు తప్ప నీళ్లు ఎక్కవు. ఎక్కిన నీళ్లు ఎండకి ఆవిరైపోతాయి, ఉప్పు మిగిలిపోతుంది, మళ్లీ పదిహేను రోజులకి ఇంకాస్త చేరుతుంది. మీ జిల్లాలోనే హుమ్మ దగ్గర ఉప్పు మడుల్లో మనుషులు చేసే పనిని ఇక్కడ ఎండే చేస్తోంది. ఇంకా పైన, పోటు అసలు అందని చోట, వానలు ఉప్పుని కడిగేస్తాయి కాబట్టి గడ్డి వస్తుంది.

ఇక ఏ మొక్క ఎక్కడ నిలుస్తుందనేది ఉప్పు ఒక్కటే తేల్చదు. నీటి అంచున అసలు కష్టం గాలి అందకపోవడం. ఆ నల్ల బురదలో చెయ్యి పెడితే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది చూడండి, అక్కడ వేళ్లకి ఆక్సిజన్ అందదు. మడ చెట్టు మేకుల్లాంటి వేళ్లను బురదలోంచి పైకి పంపి గాలి పీల్చుకుంటుంది, తాగిన ఉప్పుని ఆకుల మీదకి నెట్టేస్తుంది. వాన పడని రోజుల్లో మడ ఆకుకి నాలుక ఆనిస్తే ఆ ఉప్పు మీకే తెలుస్తుంది. ఇలకూర దారి వేరు, ఆకులో నీరు నింపుకుని ఉప్పుని పలచన చేసుకుంటుంది. అందుకే ఆకులు ఉబ్బుగా ఉంటాయి, అందుకే ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోసి వండుతారు.

మరి ఇవి ఉప్పు తక్కువున్న తీపి నేలకి ఎందుకు ఎక్కవు? అక్కడ గడ్డి, తుంగ వీటిని కమ్మేస్తాయి. అమెరికా ఈశాన్య తీరంలో కింది వరస మొక్కల్ని పైకి తెచ్చి నాటి, చుట్టూ ఉన్నవి పీకేసి చూశారు. హాయిగా పెరిగాయి. పై మొక్కల్ని కిందికి దింపితే నిలవలేదు. ఆ చల్లటి తీరంలో పై హద్దు పోటీ వల్ల వచ్చింది, మన ఎండల్లో మాత్రం తెల్ల జాగా లాంటి ఉప్పు కూడా గోడలా అడ్డం పడుతుంది.

నీరు మారితే ఈ వరసలూ కదులుతాయి. మీకు పైనున్న చిలికనే చూడండి. మొగ పూడుకుపోయి ఉప్పు తగ్గేకొద్దీ తీపి నీటి కలుపు మొక్కలు విపరీతంగా వ్యాపించాయి, 1993లో ఆ సరస్సు, చిత్తడి నేలల్ని కాపాడే అంతర్జాతీయ ఒప్పందమైన రామ్‌సర్ కింద, ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాకి ఎక్కింది. 2000 సెప్టెంబరులో కొత్త మొగ తవ్వాక ఉప్పు నీరు లోపలికొచ్చి కలుపు తగ్గింది, 2002లో ఆ జాబితా నుంచి బయటపడింది. మహానది పాయల నీళ్లు దిగే ఉత్తరం వైపు మాత్రం ఇప్పటికీ తీపి నీటి నల గడ్డి ఉంటుంది.

ఈ ఖాళీ జాగాలు నిజానికి ఖాళీగా ఉండవు, పోటు వేళ బురద మునిగినప్పుడు ఒడ్డు పిట్టలు వచ్చి వాలేది ఇలాంటి చోట్లే. అందుకే దాన్ని బీడుగా చూడొద్దని నా మాట. నాటే ముందు నీటి అంచు నుంచి గడ్డి దాకా పదడుగులకో వెదురు కర్ర పాతి, అమావాస్య, పున్నమి రోజుల్లో నీరు ఎంతవరకు ఎక్కిందో రెండు మూడు నెలలు గుర్తు పెట్టండి. వానలయ్యాక తెల్ల జాగా అంచుల్లో ఇలకూర గింజలు మొలుస్తాయేమో చూడండి, ఎందుకంటే ఉప్పు మొక్కలకైనా మొలకెత్తే వేళకి కాస్త తీపి నీరు కావాలి. మడ కోసమే అయితే, దానంతట అదే మొలిచిన పిల్ల మొక్కలు నీటి అంచున ఎక్కడున్నాయో వెతికి, పశువులు తొక్కకుండా, మేయకుండా కంచె కట్టండి, మీ శ్రమకి ఫలితం అక్కడ దక్కుతుంది.

ఒక్క విషయం మాత్రం ఊళ్లో పెద్దవాళ్లని తప్పకుండా అడగండి. ఆ తెల్ల జాగా మొదటి నుంచీ ఉందా, లేక రోడ్డో రొయ్యల చెరువు గట్టో వేశాక వచ్చిందా? గట్టు వల్ల పోటు ఆగిపోయి వచ్చిందైతే, వెయ్యి మొక్కలు నాటడం కంటే అక్కడొక తూము పెట్టించి నీటిని రానివ్వడం మేలు. పెద్దవాళ్లు ఏం చెప్పారో మళ్లీ రాయండి.