హైలె సెలాసీ పట్టాభిషేకం 1930లోనా, 1923లోనా?

పట్టిక రాసుకుంటుంటే ఇథియోపియా చక్రవర్తి హైలె సెలాసీ పట్టాభిషేకానికి ఒకచోట 1930, ఇంకోచోట 1923 అని దొరికిందన్నారు కదా, రెండూ సరైనవేనండీ. మీకు దొరికిన 1923 అచ్చుతప్పు కాదు, ఇథియోపియా పంచాంగం లెక్క అది. అక్కడ కొత్త సంవత్సరం మెస్కెరెం నెల 1న మొదలవుతుంది. 1900 తర్వాతి తేదీలకైతే అది మన సెప్టెంబరు 11 (లీపు సంవత్సరానికి ముందు ఏడాది 12). ఆ రోజు నుంచి డిసెంబరు 31 దాకా జరిగినవాటికి మన సంవత్సరంలోంచి 7 తీసేయండి, జనవరి 1 నుంచి కొత్త సంవత్సరం వచ్చేదాకా 8. అన్నిటికీ గుడ్డిగా 8 తీసేసే దగ్గరే లెక్క తప్పుతుంది.

పట్టాభిషేకం 1930 నవంబరు 2న. 7 తీస్తే 1923. వాళ్ల తేదీ తికిమ్త్ నెల 23. ఇటలీని ఇథియోపియా చక్రవర్తి మెనెలిక్ ఓడించిన అద్వా యుద్ధం 1896 మార్చి 1న, 8 తీస్తే 1888.

ఇంకో చిక్కుంది. 1928 అక్టోబరులో కూడా హైలె సెలాసీ తలమీద కిరీటం పెట్టారు, కానీ అది 'నెగుస్' హోదాకే, అంటే రాజు. చక్రవర్తి పీఠం మీద అప్పటికి జెవ్దితు మహారాణి ఉన్నారు. ఆమె 1930 ఏప్రిల్‌లో కన్నుమూశాకే ఈయన 'నెగుసె నెగెస్త్', రాజాధిరాజు, అయ్యారు. కాబట్టి ఎక్కడైనా 1921 అని కనబడితే అది ఆ మొదటి కిరీటం తేదీ. మీ పట్టికలో ఈ రెంటినీ వేర్వేరు వరుసల్లో రాసుకోండి.