మీరడగండి: డబ్బా మారిస్తే గురి మారుతుందా?

కిందటి నెల ఎయిర్ రైఫిల్ గురించి నాలుగు ముక్కలు రాశాను, ఈ నెల ఉత్తరాలన్నీ అందులో వేసే పెల్లెట్ల (చిన్న సీసం గుళ్ళు) మీదే వచ్చాయి. అన్నింటికీ చోటు లేదు గానీ ఓ నాలుగింటికి జవాబులు చెప్తాను, మొదటిది కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ప్రశ్న: నమస్కారం సార్. మాది రాజాం. మా గుంటడు ఇంటర్ సెకండియర్, షూటింగ్ పిచ్చి పట్టింది, సరే అని 4.5 మిల్లీమీటర్ల స్ప్రింగ్ రైఫిల్ కొన్నాను, బ్యారెల్ విరిచి లోడ్ చేసే రకం. పెరట్లో టేపు పెట్టి 10 మీటర్లు కొలిచి, మూడు రకాల పెల్లెట్ డబ్బాలు తెప్పించి, రైఫిల్ ఇసక బస్తా మీద పెట్టించి ఒక్కోదానితో 5 షాట్లు కొట్టించాను. మొదటి ఆదివారం ఎర్ర డబ్బా గ్రూప్, అంటే బాగా దూరంగా పడ్డ రెండు చిల్లుల మధ్య దూరం, 9 మిల్లీమీటర్లు, నీలం డబ్బా 14, పసుపుది 11. ఎర్రదే మంచిది అనేసుకున్నాం. రెండో ఆదివారం మళ్ళీ కొడితే నీలం 8, ఎర్రది 15, పసుపుది 12! ఇప్పుడు ఏది నమ్మాలి? మావోడు గన్నే బాగోలేదంటాడు, నేను నీ చేతులే బాగోలేవురా అంటున్నాను, మా ఆవిడైతే మీ ఇద్దరి బుర్రలూ బాగోలేవంటోంది.

జవాబు: ముందు మీ ఆవిడ గారికి నా నమస్కారాలు చెప్పండి.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలిసిపోద్ది కదండీ, పెల్లెట్ల దగ్గర ఆ లెక్క నడవదు. 5 షాట్ల గ్రూప్ అంటే ఒక్క మెతుకే. గన్ అదే, డబ్బా అదే, మనిషి అతనే, గాలి కూడా లేదు అనుకోండి, అయినా సరే సగటున 11 మిల్లీమీటర్లు కొట్టే డబ్బా ఒకసారి 8 చూపిస్తుంది, ఇంకోసారి 14 చూపిస్తుంది, రెండూ మామూలే, తక్కువ షాట్లు కొట్టి కొలిస్తే ఆ ఊగిసలాట ఉండే తీరుతుంది. మీ అంకెలే తీసుకోండి, రెండు ఆదివారాలూ కలిపి సగటు కడితే ఎర్రది 12, నీలం 11, పసుపుది 11న్నర. అంటే మూడూ ఒకటే! రెండు వారాల నుంచి ఇంట్లో జరుగుతున్న గొడవంతా లేని తేడా గురించి.

మరి ఎలా చెయ్యాలంటే, ఒక్కో డబ్బాకి 10 షాట్ల గ్రూప్‌లు కనీసం మూడు కొట్టించండి. మూడు డబ్బాలకి లెక్కలోకి వచ్చేవే 90 షాట్లు అవుతాయి, ఒక పొద్దుట పని. అలాగని ఎర్రదానికి 10 షాట్లు కొట్టి నీలం దానికి పాత 5 షాట్ల కాగితం పక్కన పెట్టి పోల్చకండి, షాట్లు పెరిగేకొద్దీ గ్రూప్ పెరుగుతుంది, 10 షాట్ల గ్రూప్ 5 షాట్ల దానికంటే సుమారు పాతిక శాతం పెద్దగా ఉంటుంది. నెట్‌లో జనం 3 షాట్ల గ్రూపులు ఫొటో తీసి పెట్టి మురిసిపోయేది అందుకే.

వరసగా ఎర్రవి 30, తర్వాత నీలం 30 అని కొట్టొద్దు. చివరికొచ్చేసరికి పిల్లోడు అలిసిపోతాడు, ఎండ ఎక్కుతుంది, ఆ పాపం ఆఖరి డబ్బా మీద పడుతుంది. ఎర్రది, నీలం, పసుపు, మళ్ళీ పసుపు, నీలం, ఎర్రది, ఇలా వెళ్ళి వెనక్కి రండి. ఇంకొకటి, ఏ డబ్బాలోంచి తీశారో పిల్లోడికి చెప్పకుండా పెల్లెట్లు చేతికివ్వండి, ఎందుకంటే వాడి మనసులో ఇప్పటికే ఒక డబ్బా గెలిచేసి ఉంటుంది, నచ్చిన డబ్బాకి ఊపిరి బాగా బిగబడుతుంది, ఇది నేను నా మీదే చూసుకున్నాను.

డబ్బా మార్చిన ప్రతిసారీ మొదటి పది పన్నెండు షాట్లు లెక్కలో వేసుకోకండి. పెల్లెట్ సీసం కదా, బ్యారెల్ లోపల పల్చగా పూతలాగా పడుతుంది, కొత్త రకానికి తన పూత తను వేసుకునే టైమ్ ఇవ్వాలి. మధ్యలో బ్యారెల్ తుడవడాలు, ఆయిల్ పొయ్యడాలు అస్సలొద్దు, స్ప్రింగ్ గన్‌లో ఆయిల్ లోపలికి పోతే పిస్టన్ నొక్కుడు వేడికి అది మండి ఠాప్‌మని పొగతో పేలుతుంది, ఆ షాట్ ఎక్కడ పడుతుందో దానికే తెలీదు.

ఇప్పుడు మీరు రాయనే రాయని విషయం, గాలి. పెల్లెట్ బరువు అర గ్రాముకి ఓ పిసరెక్కువ, పోటీల్లో వాడే మ్యాచ్ రకం అయితే 0.53 గ్రాములు ఉంటుంది, పిల్లగాలికి కూడా పక్కకి జరుగుతుంది. లక్ష్యం పక్కన ఒక అగరొత్తి వెలిగించి పెట్టండి, పొగ నిటారుగా లేచినంతసేపే కొట్టించండి. పొద్దున్న ఏడులోపు అయితే మన వైపు బాగుంటుంది. వరండాలో ఫ్యాన్ వేసుకుని కొట్టినోళ్ళని కూడా చూశాను, వాళ్ళ గురించి ఏటి చెప్తాం.

కొలిచేది ఎలా అని చాలామంది అడుగుతుంటారు. దూరంగా పడ్డ రెండు చిల్లుల బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలిచి అందులోంచి 4.5 తీసెయ్యండి, అది మధ్య నుంచి మధ్యకి లెక్క. పల్చటి కాగితం మీద కొడితే చిల్లు చిరిగిపోతుంది, కొలత కుదరదు. మన ఇళ్ళల్లో పాత శుభలేఖలు కట్టలుంటాయి కదా, పెళ్ళికి వెళ్ళొచ్చాక పారెయ్యబుద్ధి కాక దాచినవి, వాటి వెనక వైపు ఒక చుక్క పెట్టి వాడండి, మందం సరిగ్గా సరిపోతుంది. మూతి చదునుగా ఉండే పెల్లెట్ అయితే పంచ్ కొట్టినట్టు గుండ్రంగా కోస్తుంది, మూతి గుండ్రటిదైతే చిల్లు మూసుకుపోయి చిన్నదిగా కనబడి మోసం చేస్తుంది. చుక్కకి తగిలిందా లేదా అన్నది ఇప్పుడు పట్టించుకోవద్దు, సైట్ (గురి చూసే అమరిక) ముట్టుకోవద్దు, గ్రూప్ ఎడమకి పడనీ కిందకి పడనీ, ఎంత ముద్దగా పడిందన్నదే చూడండి.

ఆ ఇసక బస్తా సంగతి. స్ప్రింగ్ గన్‌ని గట్టి వస్తువు మీద నేరుగా పెట్టకూడదు. లోపల పిస్టన్ ముందుకి దూకినప్పుడు గన్ వెనక్కి ముందుకి రెండుసార్లు కదులుతుంది, పెల్లెట్ ఇంకా బ్యారెల్‌లో ఉండగానే, అది ప్రతిసారీ ఒకేలా కదిలితేనే గ్రూప్ వస్తుంది. బస్తా మీద ఎడమ చెయ్యి వెల్లకిలా పెట్టి ఆ అరచేతిలో గన్ ఆనించాలి, కోడిపిల్లని పట్టుకున్నట్టు వదులుగా. నా అంచనా ఏటంటే మీ 15 మిల్లీమీటర్లలో సగం ఆ బస్తాదే.

మొదలెట్టే ముందు స్టాక్, అంటే భుజానికి ఆనించే భాగం, దాని స్క్రూలు బిగించండి. నేను విజయనగరంలో మా డాబా మీద రెండు నెలలు ఒక డబ్బాని తిట్టి, మంచి డబ్బాని, పక్కింటి పిల్లలకి బొమ్మ గన్‌లోకి ఇచ్చేశాక తెలిసింది, ముందు స్క్రూ అరచుట్టు వదులైపోయి ఉందని. మళ్ళీ వెళ్ళి అడగడానికి మొహం చెల్లలేదు.

మీ తండ్రీకొడుకుల వాదం తేలాలంటే ఇంకో పరీక్ష ఉంది, అదే డబ్బాతో కూర్చుని ఆనించి ఒక 10, నిలబడి ఒక 10 కొట్టించండి. ఆనిస్తే 12, నిలబడితే 45 వచ్చిందనుకోండి, ఇంక ఏ డబ్బా మార్చినా ఉపయోగం లేదు, ప్రాక్టీసే. అన్నీ చేశాక కూడా డబ్బాల మధ్య తేడా ఒకటి రెండు మిల్లీమీటర్లే ఉంటే, చవగ్గా, ఎప్పుడూ దొరికేది కొనండి. ధర ఎక్కువని మీ బ్యారెల్‌కి నచ్చాలని రూలేం లేదు, పక్కవాడి బ్యారెల్‌కి నచ్చింది మీదానికి నచ్చాలని అసలే లేదు.

వెనక సిమెంటు గోడ ఉంటే మాత్రం ఇవన్నీ ఆపేసి ముందు ఒక చెక్కపెట్టె చేయించండి, వెనక ఇనప రేకు, లోపల పాత గుడ్డలు గట్టిగా కుక్కి. గోడకి తగిలిన పెల్లెట్ వెనక్కి వస్తుంది. ఇద్దరూ కళ్ళజోళ్ళు పెట్టుకోండి. పెల్లెట్లు నోట్లో పెట్టుకుని ఒక్కొక్కటి తీసే అలవాటుంటే మాన్పించండి, సీసం అది, అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కునే టిఫిన్ ముట్టాలి.

ప్రశ్న: శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతున్నాను సార్, క్లబ్ వాళ్ళ గాలి సిలిండర్ రైఫిల్‌తో 10 మీటర్లు ఆడతాను. డబ్బాల మీద 4.49, 4.50 అని హెడ్ సైజులు (పెల్లెట్ మూతి వెడల్పు, మిల్లీమీటర్లలో) ఉంటాయి కదా, ఏది తీసుకోవాలి? మా సీనియర్ అక్క ప్రతి పెల్లెట్‌నీ తూకం వేసుకుంటుంది, నేనూ వెయ్యాలా?

జవాబు: 4.49కీ 4.50కీ తేడా మిల్లీమీటర్‌లో వందో వంతమ్మా, మన తల వెంట్రుక మందం కంటే చాలా తక్కువ, అయినా మంచి మ్యాచ్ బ్యారెల్ ఆ తేడా కనిపెట్టగలదు. ఏ సైజు నీ బ్యారెల్‌కి నచ్చుతుందో మాత్రం ఊహించి చెప్పలేం, కొట్టి చూడాల్సిందే. రెండు డబ్బాలు కొనక్కర్లేదు, క్లబ్‌లో ఎవరి దగ్గర ఏ సైజుందో అడిగి తలా నలభై అప్పు తీసుకో. నీ రైఫిల్‌కి స్ప్రింగ్ లేదు కాబట్టి కోచ్‌ని అడిగి వైస్‌లో (కదలకుండా పట్టుకునే ఇనప పట్టు) బిగించి కొట్టొచ్చు, అప్పుడు నీ చేతి వణుకు లెక్కలోకి రాదు.

లెక్క చెప్తాను చూడు. 10 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది చుక్క అర మిల్లీమీటర్, పెల్లెట్ 4.5, పెల్లెట్ అంచు చుక్కని తాకితే పది. అంటే పెల్లెట్ మధ్య భాగం సెంటర్ నుంచి 2.5 మిల్లీమీటర్ల లోపు పడితే పది వచ్చినట్టే. అక్కడి నుంచి లోపలికి ప్రతి పావు మిల్లీమీటర్‌కీ ఒక పాయింట్ వన్, అలా 10.9 దాకా. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన గగన్ నారంగ్ కాంస్యం కొట్టినప్పుడు క్వాలిఫికేషన్‌లో దశాంశాలు లేవు, 600కి 598 కొట్టి ఫైనల్‌కి వెళ్ళాడు, 10.0 అయినా 10.9 అయినా పదే. 2013 నుంచి రైఫిల్ క్వాలిఫికేషన్‌లో కూడా దశాంశాలు లెక్కేస్తున్నారు, 60 షాట్లకి గరిష్ఠం 654, కాబట్టి పెల్లెట్ పావు మిల్లీమీటర్ పక్కకి పోయినా ఇప్పుడు చీటీ మీద కనబడుతుంది. ఈ పెల్లెట్ టెస్టింగ్ గోల ఇంత పెరిగింది అందుకే.

తూకం సంగతి. మీ రైఫిల్ సెకనుకి 175 మీటర్ల స్పీడ్‌తో కొడుతుందనుకుంటే, 10 మీటర్లు పోయేసరికి పెల్లెట్ సుమారు 16, 17 మిల్లీమీటర్లు కిందకి దిగుతుంది. పెల్లెట్ బరువు ఒక శాతం తేడా వస్తే ఆ దిగడంలో తేడా 0.2 మిల్లీమీటర్ కూడా రాదు. నరసన్నపేటలో బంగారం షాపులకేం తక్కువ, మిల్లీగ్రాముల కాటా ఎవరో ఒకరు ఇస్తారు, కానీ ఆ గంట ప్రాక్టీస్‌కి పెట్టుకుంటే ఎక్కువ లాభం. అక్క వేసుకుంటే వేసుకోనీ, కొందరికి అది ధ్యానం లాంటిది. నువ్వు మాత్రం పెల్లెట్లని ఒక అద్దం మీద దొర్లించు, స్కర్ట్ (వెనక వైపు పల్చటి అంచు) నొక్కుకుపోయింది వంకరగా దొర్లుతుంది, దాన్ని తీసి ప్రాక్టీస్ డబ్బాలో పడెయ్యి. బస్సులో డబ్బా గలగలలాడించుకుంటూ తెస్తే అలాంటివి బోలెడు తయారవుతాయి, పైన స్పాంజి ముక్క పెట్టి మూత వెయ్యి.

డబ్బా మీద బ్యాచ్ నంబర్ ఉంటే రాసిపెట్టుకో. అదే కంపెనీ, అదే సైజు, బ్యాచ్ మారితే మళ్ళీ మొదటికొస్తుంది. నీ రైఫిల్‌కి నచ్చిన బ్యాచ్ దొరికితే సీజన్‌కి సరిపడా ఒకేసారి తీసుకుని అవి మ్యాచ్‌లకి దాచుకో, రోజూ కొట్టే వందకి చవకవి చాలు.

ప్రశ్న: టెక్కలి దగ్గర మాకు చేపల చెరువుంది. కొంగలు తినేస్తున్నాయి. 25 మీటర్లకి ఏ పెల్లెట్ గురిగా పోద్ది?

జవాబు: చెప్పను బాబూ. మీ పక్కనే తేలినీలాపురం, ఎక్కడి నుంచో ఎగిరొచ్చిన గూడబాతుల్ని, ఎర్రకాళ్ళ కొంగల్ని ఊరు ఊరంతా ఇంటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకునే చోటు. పైగా 1972 వన్యప్రాణి చట్టం ఉంది, మీ గన్‌కి లైసెన్స్ అక్కర్లేదన్నంత మాత్రాన పిట్టని కొట్టడానికి పర్మిషన్ ఉన్నట్టు కాదు. చెరువు మీద వల కట్టండి, ఒకసారి ఖర్చు.

ప్రశ్న: విజయనగరం పైడితల్లమ్మ జాతరకి వచ్చినప్పుడల్లా బెలూన్ల స్టాల్ దగ్గర పిల్లల ముందు పరువు పోతోంది సార్, ఆరుకి ఒక్కటి పేలితే గొప్ప. మా బొబ్బిలిలో నేను మంచి షూటర్నే. వాళ్ళు పెల్లెట్లు పాడైనవి ఇస్తారా?

జవాబు: పెల్లెట్ల మీద నెపం వెయ్యకండి, అంత దగ్గర్లో బెలూన్ అంత పెద్దదాన్ని ఏ చెత్త పెల్లెట్ అయినా తాకుతుంది. గన్ వెయ్యి చేతులు మారుంటుంది, సైట్ ఎటో తిరిగుంటుంది, అంతే. వాడు కావాలని తిప్పాడని కూడా అనను, రోజూ కిందపడే గన్ అది. మీరు చెయ్యాల్సిందేంటంటే మొదటి షాట్‌ని బెలూన్ మీద కాకుండా బోర్డు మీద ఒక గుర్తు చూసి కొట్టండి, ఎక్కడ పడిందో చూడండి, జానెడు ఎడమకి పడితే తర్వాతవన్నీ జానెడు కుడికి గురిపెట్టండి. గన్ మాత్రం మార్చొద్దు, మారిస్తే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. బాగా ఉబ్బిన బెలూన్లే ఎంచుకోండి, సాయంత్రానికి గాలి తగ్గి మెత్తబడినవి పెల్లెట్ తగిలినా జారిపోతాయి. జాతరలో అసలు రోజైన సిరిమాను దసరా అయ్యాక వచ్చే మంగళవారమే కదా, ఆ రోజు జనంలో చెయ్యి కదపడానికే చోటుండదు, ఒక రోజు ముందో వెనకో రండి. మా మనవడు కిందటేడు ఇలాగే చేసి ఆరుకి నాలుగు పేల్చాడు, మిగతా రెండూ గాలికి ఊగాయి తాతా అంటాడు ఇప్పటికీ.