ఫ్లెక్సీ వద్దు, గోడ మీద బోర్డు రాయించు

తిరుపతి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఫోనులో నువ్వు అడిగినదానికి నాలుగు మాటల్లో జవాబు చెప్పి వదిలేయడం ఇష్టం లేక ఈ ఉత్తరం రాస్తున్నాను. ప్రధానోపాధ్యాయురాలిగా చేరిన మొదటి ఏడాదే తల్లిదండ్రుల కమిటీ నీ దగ్గరికి వచ్చి, బడి ఫలితాలు ఊరందరికీ తెలిసేలా పెట్టమని అడిగిందంటే అది మంచి శకునం. సంతకాలు పెట్టి, టీ తాగి వెళ్లిపోయే కమిటీలే నేను ఎక్కువగా చూశాను. అడిగినవాళ్లను నిరాశపరచవద్దు. అయితే వాళ్లు కోరిన ఫ్లెక్సీ మాత్రం వద్దు.

పదో తరగతి ఫలితాలు వచ్చాక ఇక్కడ లీలామహల్ సర్కిల్ నుంచి బస్టాండు వైపు ఒకసారి నడిచి చూడు. 600కు 590 దాటిన పిల్లల ముఖాలు ఏ స్తంభం చూసినా వేలాడుతుంటాయి. ఆ పిల్లలు కష్టపడ్డారు, వాళ్లను నేను ఒక్క మాట అనను. ఆ బడిలో పరీక్ష రాసినవాళ్లు మొత్తం ఎందరో మాత్రం ఆ ఫ్లెక్సీ మీద ఎక్కడా ఉండదు. పదో తరగతి ర్యాంకుల ప్రకటనలు చేయరాదని మన ప్రభుత్వం 2022లోనే ఉత్తర్వు ఇచ్చింది. ర్యాంకు అన్న మాట పోయింది, ముఖాలూ మార్కులూ మిగిలాయి. మీ పక్క ఊరి ప్రైవేటు బడి అలా వేసిందని మీ కమిటీకి రోషం వచ్చి ఉంటుంది. ఆ పోటీలోకి నువ్వు దిగితే, ఇద్దరి ఫొటోలు వేయడానికి మిగతా పిల్లలను దాచాల్సి వస్తుంది.

బడి గేటు లోపల, తల్లిదండ్రులు నిలబడి చదువుకునే చోట, గోడ మీద నల్లరంగు వేయించి బోర్డు రాయించు. దాని మీద వేసే ప్రతి శాతం కింద హారం ఏమిటో, అంటే అది ఎంతమందిలో తీసిన శాతమో రాయి. నేను చెప్పదలచుకున్నదంతా దాదాపు ఇదే. లెక్కల టీచరువు కాబట్టి నీకు విడమరిచి చెప్పక్కరలేదు కానీ, ఇరవై ఏళ్లు లెక్కలు చెప్పినవాళ్లు కూడా ప్రధానోపాధ్యాయుల కుర్చీలో కూర్చోగానే హారాన్ని మరిచిపోతారు.

ఒక ఉదాహరణ వేసుకుందాం. ఆరో తరగతిలో 60 మంది చేరారు. పదో తరగతి పరీక్ష రాసేవారి జాబితా అయిన నామినల్ రోల్‌లో 42 మంది ఉన్నారు. 39 మంది పాసయ్యారు. 93 శాతం అని రాయవచ్చు, అబద్ధం కాదు. కానీ కనబడని 18 మంది సంగతి? అడ్మిషన్ రిజిస్టరు, టి.సి. పుస్తకం పక్కపక్కన పెట్టుకొని చూస్తే, పది మంది నిజంగానే వేరే బడిలో చేరారని తేలిందనుకో. వాళ్లను తీసేస్తే హారం 50, ఫలితం 78 శాతం. మిగిలిన ఎనిమిది మందిలో ఒకడు బెంగళూరులో అన్నతో పాటు పనికి పోయాడు, ఒక అమ్మాయికి పెళ్లి చేశారు, ఇంకొకడు ఊళ్లోనే ఉన్నాడు, బడికి మాత్రం రాడు. ఆ ఎనిమిది మందీ 93లో కనబడరు, 78లో కనబడతారు. రెండు అంకెలనూ రాయి. మధ్యలో వచ్చి చేరినవారి లెక్కను విడిగా చూపించు.

నువ్వు ఒక్క అంకెనే, అదీ పెద్దదాన్నే రాస్తే ఏమవుతుందో కూడా ముందే చెబుతాను. నవంబరులో నామినల్ రోల్స్ పంపే రోజులు వచ్చేసరికి స్టాఫ్ రూములో ఎవరో ఒకరు, 'మేడమ్, ఈ ముగ్గురూ ఎలాగూ గట్టెక్కరు, ఓపెన్ స్కూల్లో ఫీజు కట్టించేద్దాం' అంటారు. చెడ్డ మనసుతో అనరు. బోర్డు మీద అంకె వాళ్ల చేత అలా అనిపిస్తుంది. నేను ఎరిగిన ఒక బడి, పేరు వద్దులే, వరుసగా నూటికి నూరు శాతం చూపించింది. అక్కడ తొమ్మిదో తరగతి చివర్లో, గట్టెక్కరనుకున్నవాళ్లకు టి.సి.లు రాయడమే అసలైన పరీక్ష.

ఇక ఏటేటా పెరిగింది, తగ్గింది అనే గోల. రాష్ట్రం మొత్తం మీద పదో తరగతి ఉత్తీర్ణత 2022లో 67.26 శాతం, 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. రెండేళ్లలో పంతొమ్మిది శాతం పెరగడానికి రాష్ట్రంలోని టీచర్లందరూ ఒక్కసారిగా మారిపోయారా? కోవిడ్ వల్ల బడులు మూతపడిన ఏళ్ల దెబ్బ ఉంది, ప్రశ్నపత్రం తీరు ఉంది, ఇంకా పది కారణాలు ఉంటాయి. మీ బడి అంకె పక్కన ఆ ఏటి రాష్ట్రం అంకె, జిల్లా అంకె లేకపోతే దానికి అర్థం లేదు. పైగా మీది చిన్న బడి. ముప్పై మంది రాస్తే ఒక్కొక్కరి విలువ 3.3 శాతం. పరీక్ష రోజు ఇద్దరికి జ్వరం వస్తే మీ బడి మండలంలో నాలుగు స్థానాలు దిగిపోతుంది. మూడేళ్లను కలిపి సగటు వేసి చూపించు. ఒక్క ఏడాది అంకెకు సన్మానాలూ వద్దు, సంజాయిషీలూ వద్దు. మండల సమావేశంలో అడిగితే ఇదే లెక్క బల్ల మీద పెట్టు. వాళ్లూ ఒకప్పుడు టీచర్లే.

అసలు పదో తరగతి ఫలితం ఒక్కటే బడికి కొలత అనుకోవడం దగ్గరే పేచీ ఉంది. ఆరో తరగతిలో చేరినప్పుడు పిల్లవాడు ఏ స్థాయిలో ఉన్నాడో తెలియకుండా, వాడికి బడి ఏమి ఇచ్చిందో ఎలా తెలుస్తుంది? జూన్‌లో చేరిన మొదటి రెండు వారాల్లో ప్రతి పిల్లవాణ్నీ విడిగా కూర్చోబెట్టి చదివించు. ప్రథమ్ సంస్థ 2005 నుంచి, పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వేలో వాడుతున్న పద్ధతి చాలు: అక్షరాలు, పదాలు, చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ, లెక్కల్లో అప్పు తెచ్చుకునే తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. ఒక్కో పిల్లవాడికి పది నిమిషాలు కూడా పట్టదు. ఆరో తరగతిలో రెండో తరగతి కథ తడబడకుండా చదవలేనివాళ్లు ఎందరో చూసి నువ్వు భయపడతావు. ఆ అంకెనూ బోర్డు మీద వేయించు. అదే పిల్లలను మళ్లీ డిసెంబరులో, ఏప్రిల్‌లో చదివించి వాటినీ పక్కన రాయి. మీ వైపు ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు ఉంటారు. తెలుగు కథ తడబడినంత మాత్రాన వాళ్లను వెనకబడినవాళ్ల గుంపులో వేయకండి.

మదనపల్లె దగ్గర రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రంవాళ్లు చిన్న బడుల కోసం మెట్టుమెట్టుగా పేర్చిన కార్డులతో అభ్యసన నిచ్చెన ఒకటి తయారుచేశారు. ఏ పిల్లవాడు ఏ మెట్టు మీద ఉన్నాడో వాడికే తెలుస్తుంది, తర్వాత ఏ కార్డు తీయాలో కూడా తెలుస్తుంది. ప్రాథమిక తరగతుల కోసం చేసినదే అయినా, కొలవడాన్నీ చెప్పడాన్నీ విడదీయకపోవడం ఎలాగో దాన్ని చూస్తే అర్థమవుతుంది. వీలైతే ఒక శనివారం మీ తెలుగు టీచరును వెంటబెట్టుకొని వెళ్లిరా.

చదివించేది ఎవరన్నది కూడా ముఖ్యమే. తన తరగతి పిల్లలను తానే పరీక్షించి, తానే దిద్ది, తానే ఆన్‌లైన్‌లో ఎక్కించే, ఏడాది మధ్యలో జరిగే చిన్న పరీక్షల ఎఫ్‌ఏ మార్కులను నేను ఎన్నడూ బడి కొలతగా తీసుకోలేదు. టీచరు దొంగ అని నా ఉద్దేశం కాదు. ఎవరికైనా తన పిల్లల మీద చెయ్యి కాస్త ఉదారంగానే పడుతుంది. అంకె మీద ఉద్యోగమో బోనసో ఆధారపడితే అది ఉదారంతో ఆగదు. అమెరికాలో అట్లాంటా నగరపు బడుల్లో 2009 పరీక్షల మీద జరిగిన విచారణ నివేదిక 2011లో వచ్చింది. 44 బడుల్లో 178 మంది టీచర్లు, ప్రధానోపాధ్యాయులు పిల్లల జవాబులు దిద్దడం వంటి అక్రమాల్లో పాలుపంచుకున్నారని తేల్చారు. 2015లో పదకొండు మందిని కోర్టు దోషులుగా నిర్ధారించింది. అంతా మనలాంటి బడిపంతుళ్లే. కాబట్టి మీ క్లస్టర్‌లోని పక్క బడితో మాట్లాడుకో. వాళ్ల టీచర్లు వచ్చి మీ పిల్లలను చదివిస్తారు, మీవాళ్లు వెళ్లి వాళ్ల పిల్లలను చదివిస్తారు. ఖర్చు లేదు, ఉత్తర్వూ అక్కరలేదు.

పైనుంచి వచ్చే సర్వేలు మీ బోర్డుకు పనికిరావు. 2017లో, 2021లో జరిగిన జాతీయ సాధన సర్వే, 2024 డిసెంబరులో జరిగిన పరఖ్ సర్వే కొన్ని బడులను ఎంచుకొని జిల్లా స్థితిని చెబుతాయి, మీ బడి సంగతి చెప్పవు. దేశంలోని బడుల వివరాలన్నీ ఎక్కించే యూడైస్ వేరు. మీ పదకొండంకెల కోడ్ కొడితే పిల్లల సంఖ్య, టీచర్లు, గదులు, మరుగుదొడ్ల వివరాలు ఎవరైనా చూడవచ్చు. నీకంటే ముందున్నవారు ఏమి ఎక్కించారో ఈ వారమే చూసుకో. గోడ మీద ఒక లెక్క, యూడైస్‌లో ఇంకో లెక్క ఉంటే నిన్నెవరూ నమ్మరు.

ఇంతా చేసి బోర్డు పెడితే చదువు బాగుపడుతుందా అని నువ్వు అడగవచ్చు. బోర్డు ఒక్కదానితో బాగుపడదు. మన ఆంధ్రప్రదేశ్‌లోనే కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే పరిశోధకులు వంద బడుల్లో టీచర్లకు పిల్లల బలాబలాలు వివరించే నివేదికలు ఇచ్చి చూశారు. పరిశీలకులు వెళ్లినప్పుడు టీచర్లు చురుగ్గా కనిపించారు, ఏడాది చివర పిల్లల మార్కులు మాత్రం మిగతా బడుల కంటే మెరుగుపడలేదు. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో బృందం పల్లెవాసుల చేతనే పిల్లలను పరీక్షింపజేసి, ఊరి నివేదిక తయారు చేయించింది. దానివల్లా చదువు మారలేదు. ఊరి యువకులకు శిక్షణ ఇచ్చి సాయంత్రాలు పఠన శిబిరాలు పెట్టించిన చోట, వాటికి వచ్చిన పిల్లలు చదవడం నేర్చుకున్నారు. పాకిస్తాన్ పంజాబులో 112 గ్రామాలను తీసుకొని, సగం ఊళ్లలో ప్రతి ఇంటికీ పిల్లవాడి మార్కులు, ఊళ్లోని అన్ని బడుల సగటులు ఇచ్చారు. అక్కడ మార్కులు పెరిగాయి, ప్రైవేటు బడుల ఫీజులు తగ్గాయి కూడా. ఆ ఊళ్లలో బడులు చాలా ఉన్నాయి, నచ్చకపోతే పక్క బడికి మార్చుకోవచ్చు. మీ ఊళ్లో ఉన్న హైస్కూలు ఒక్కటే. ప్రైవేటు బడి బస్సుకు డబ్బు కట్టలేని తల్లి నీ అంకె చూసి ఎక్కడికి పోతుంది?

అందుకే బోర్డులో కుడివైపు సగం ఖాళీ ఉంచు. ప్రతి అంకెకు ఎదురుగా, దాన్ని మార్చడానికి ఎవరు ఏమి చేస్తారో, ఎప్పటిలోగా చేస్తారో రాయి. 'కథ చదవలేనివారు 22: తెలుగు, హిందీ టీచర్లు రోజూ మొదటి పీరియడు, దసరా దాకా' అన్నంత స్పష్టంగా ఉండాలి. నువ్వు చేయలేనివీ అక్కడే రాయి. జీవశాస్త్రం పోస్టు ఆగస్టు నుంచి ఖాళీగా ఉంటే ఆ మాట, దాని గురించి విద్యాశాఖ అధికారులకు రాసిన తేదీ ఆ సబ్జెక్టు ఫలితం పక్కన ఉండాలి. జవాబుదారీ అంటే టీచర్లు ఒక్కళ్లే చేతులు కట్టుకొని నిలబడటం అయిపోయింది ఈ మధ్య. పోస్టు నింపవలసినవారు కూడా ఆ గోడ మీద కనబడాలి. దీనికి పైవాళ్లు ముఖం చిట్లిస్తే భయపడకు, మర్యాదగా వివరించు.

మీ టీచర్లతో మాత్రం జాగ్రత్త. హైస్కూల్లో లెక్కలకు ఒక్క స్కూల్ అసిస్టెంటే ఉంటే, లెక్కల ఫలితం రాయడమంటే ఆయన పేరు రాయడమే. ఊళ్లో అందరికీ తెలుసు. రంగు డబ్బా తెరవడానికి ముందే ఆయనతో ఒంటరిగా కూర్చొని, ఆరో తరగతి మొదటి అంకెతో సహా అన్నీ చూపించు. ఆ మొదటి అంకె ఆయనకు రక్షణ అని ఆయనకే అర్థమవుతుంది.

పిల్లల పేర్లు గోడ ఎక్కకూడదు, మొదటి మార్కు వచ్చిన పిల్ల పేరు కూడా. కులాలవారీ లెక్క నీ రిజిస్టరులో ఉంటుంది, నువ్వు చూసుకోవాలి, ఎవరు వెనకబడుతున్నారో అది చెబుతుంది. గోడ మీదికి రాకూడదు. ఏ బిడ్డ సంగతి ఆ తల్లికి విడిగా చెప్పాలి. హాజరు, నేర్చుకోగల శక్తి, ప్రగతి గురించి తల్లిదండ్రులకు క్రమం తప్పకుండా చెప్పడం టీచరు విధి అని విద్యాహక్కు చట్టం 24వ సెక్షను చెబుతోంది. ఆ చట్టం వర్తించేది ఎనిమిదో తరగతి దాకానే అని ఎవరైనా గుర్తుచేస్తే, తొమ్మిది, పది తరగతుల పిల్లలకూ తల్లులు ఉంటారని చెప్పు.

ఆ తల్లులలో చాలామంది ప్రోగ్రెస్ కార్డు చదవలేరు, అడగడానికి మొహమాటపడతారు. కార్డు చేతికిచ్చి సంతకం పెట్టించుకుంటే ఏమీ చెప్పినట్టు కాదు. పిల్లవాణ్ని పక్కన కూర్చోబెట్టి ఒక పేరా చదివించు. తల్లికి చదువు రాకపోయినా, కొడుకు గడగడా చదువుతున్నాడో తడబడుతున్నాడో తెలుస్తుంది. వెంటనే వాడికి ఇంకో పేరా, వాడు చదవగలిగింది, ఇచ్చి చదివించి పంపు, లేకపోతే ఇంటికి వెళ్లాక వీపు మోగుతుంది. సమావేశం ఉదయం పదింటికి పెడితే కూలికి వెళ్లేవాళ్లు రాలేరు. సాయంత్రం పాలు పోసి వచ్చాక పెట్టు, మామిడి కోతల రోజుల్లో అసలే పెట్టవద్దు.

మొదటి ఏడాది అన్నీ ఎత్తుకోకు. ఆరో తరగతి చదవడం, పదో తరగతి రెండు హారాల లెక్క, ఖాళీ పోస్టులు, ఈ మూడూ చాలు. బోర్డు రాయించే ముందు అంకెలను ఒక కాగితం మీద వేసి నాకు పంపు, కూడికలు సరిచూస్తాను. రాయడానికి ఫ్లెక్సీ షాపువాణ్ని కాకుండా ఊళ్లో పెయింటరును పిలిపించు. అంకెలను మాత్రం సుద్దముక్కతోనే వేయించు, డిసెంబరులో ఎలాగూ చెరిపి రాయాలి.

మీ పెదనాన్న