కరెంటు పోయాక ఈఎక్స్‌టీ4లో సున్నా బైట్ల ఫైళ్లు: జర్నల్ ఉన్నా ఎందుకిలా?

బెంగళూరు మారతహళ్లిలో వానకి కరెంటు పోయి, మీ సర్వర్‌కి జనరేటర్ అందుకునేలోపే యూపీఎస్ చేతులెత్తేసిందన్నారు. ఈఎక్స్‌టీ4 (లైనక్స్ ఫైల్‌సిస్టమ్) ఉన్న ఆ సర్వర్ లేచాక, ఫైల్‌సిస్టమ్‌ని తనిఖీ చేసే ఎఫ్‌ఎస్‌సీకే ‘క్లీన్’ అంటున్నా కొన్ని కాన్ఫిగ్ ఫైళ్లు సున్నా బైట్లతో ఉన్నాయని, డిస్క్ మార్చాలా అని అడిగారు.

ముందు ఆ పార్టిషన్‌ని అన్‌మౌంట్ చేసి, డీడీరెస్క్యూ అనే టూల్‌తో వేరే డిస్క్‌కి ఇమేజ్ (మొత్తం నకలు) తీసుకోండి. రిపేర్ ప్రయత్నాలన్నీ ఆ ఇమేజ్ కాపీ మీదే చేయండి. ఇంకోసారి ఇలా జరిగితే రీడ్-ఓన్లీ మౌంట్‌ని నమ్ముకోకండి, అది కూడా జర్నల్‌ని (మార్పులను ముందుగా రాసిపెట్టుకునే చిట్టా) రీప్లే చేసి డిస్క్ మీద రాస్తుంది. దానికి, ఆ రీప్లేని ఆపే ‘నోలోడ్’ ఆప్షన్ కూడా కలపాలి.

ఎఫ్‌ఎస్‌సీకే అబద్ధం చెప్పలేదు. డిఫాల్ట్ ‘ఆర్డర్డ్’ మోడ్‌లో జర్నల్‌కి ఎక్కేది మెటాడేటా (ఫైల్ పేరు, సైజు, చోటు లాంటి వివరాలు) ఒక్కటే. ఫైల్‌సిస్టమ్ నిర్మాణం పాడవకుండా చూడటం వరకే జర్నల్ పూచీ, ఫైల్లోని సరుకు సంగతి దానిది కాదు. జర్నల్ మార్పులను డిస్క్‌కి ఖాయం చేసే కమిట్ మామూలుగా 5 సెకన్లకోసారి జరుగుతుంది. డిలేడ్ అలొకేషన్ వల్ల కొత్త డేటాకి బ్లాకులు ఇంకా ఆలస్యంగా దొరుకుతాయి. ఆ మధ్యలో కరెంటు పోతే పేరు మిగులుతుంది, లోపల ఏమీ ఉండదు. ఫైల్‌ని మార్చి రాసేటప్పుడు బ్లాకులు వెంటనే ఇప్పించే ‘ఆటో_డీఏ_అలాక్’ ఆప్షన్ దీనికి కొంత అడ్డుపడుతుంది కానీ పూర్తిగా కాదు.

అందుకే అసలు మందు అప్లికేషన్‌లోనే ఉంది: అదే డైరెక్టరీలో తాత్కాలిక ఫైల్ రాసి, ఎఫ్‌సింక్ (డేటాని డిస్క్‌కి రాసేదాకా ఆగే కాల్) చేసి, అసలు పేరుకి రీనేమ్ చేసి, ఆ తర్వాత డైరెక్టరీని కూడా ఎఫ్‌సింక్ చేయాలి. ఎఫ్‌సింక్ ఎర్రర్ ఇస్తే మళ్లీ పిలిచి, ఈసారి సక్సెస్ వచ్చింది కదా అని వదిలేయకండి. కెర్నల్ అప్పటికే ఆ పేజీలను క్లీన్‌గా గుర్తుపెట్టేసి ఉండొచ్చు. ఫైల్‌ని మొదటినుంచీ రాయాల్సిందే.

ఇక ఫ్లష్ (డిస్క్ తన క్యాష్‌లో ఉన్నది శాశ్వతంగా రాసెయ్యాలనే ఆదేశం) నిజంగా డిస్క్ దాకా వెళ్తోందా చూడండి. మౌంట్ సెట్టింగులుండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో, ఫ్లష్‌ని ఆపేసే ‘నోబ్యారియర్’ గానీ ‘బ్యారియర్=0’ గానీ ఉంటే తీసేయండి. సర్వర్ క్యూఈఎంయూ మీద నడిచే వీఎం (వర్చువల్ మెషీన్) అయితే క్యాష్ మోడ్, ఫ్లష్‌ని పట్టించుకోని ‘అన్‌సేఫ్’లో ఉండకూడదు. కెర్నల్ సెట్టింగులు కనిపించే సిస్‌ఎఫ్‌ఎస్‌లో (/sys) ఆ డిస్క్ క్యూ కింద ‘రైట్_క్యాష్’ ఫైల్ తెరిచి చూడండి. ‘రైట్ బ్యాక్’ అని ఉంటే భయం లేదు, కెర్నల్ ఫ్లష్ పంపుతుంది. స్పీడ్ కోసం ఎవరైనా అందులో చేత్తో ‘రైట్ త్రూ’ అని రాసి ఉంటే మాత్రం ప్రమాదం. డిస్క్ క్యాష్ అలాగే ఆన్‌లో ఉంటుంది, కెర్నల్ ఫ్లష్ పంపడమే మానేస్తుంది. సాటా డిస్క్‌లో క్యాష్ నిజంగా ఆపాలంటే హెచ్‌డీపారమ్ లాంటి టూల్‌తో ఆపాలి.

డిస్క్ తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ రిపోర్ట్‌లో 197 (చదవలేక పెండింగ్‌లో ఉన్న సెక్టార్లు) సున్నా కాకపోతే డిస్క్ మార్చండి, 199 (కేబుల్ మీద డేటా బదిలీలో తప్పులు) పెరుగుతుంటే ముందు కేబుల్ మార్చండి. రెండూ బాగుంటే డిస్క్ జోలికి పోనక్కర్లేదు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్ లైను, బూట్ అయినప్పటి డీమెసేజ్ (కెర్నల్ సందేశాల లాగ్)లో ఈఎక్స్‌టీ4 లైన్లు ఇక్కడ పెడితే మిగతాది చూద్దాం.