38 ఏటీపీలా, 32 ఏటీపీలా?

ఒక గ్లూకోజ్ అణువు నుంచి వచ్చే ఏటీపీలు (కణం శక్తి కోసం వాడుకునే అణువులు) ఒక పుస్తకం 38 అంటోంది, ఇంకోటి 30-32 అంటోంది, ఏది నమ్మాలి అని అడిగారు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో బైపీసీ పిల్లలకు బోటనీ చెప్తాను. శ్వాసక్రియ పాఠం వచ్చిందంటే ఈ డౌట్ రావాల్సిందే. నీట్ రాసేవాళ్లయితే ఎన్‌సీఈఆర్‌టీలో ఉన్న 38 పెట్టేసి రండి. అసలు సంగతి వేరు.

గ్లూకోజ్ విరిగేటప్పుడు దాని ఎలక్ట్రాన్లను మోసుకెళ్లే అణువు ఎన్‌ఏడీహెచ్. అది ఒక్కోటి 3 ఏటీపీలు ఇస్తుందని పాత లెక్క. కానీ అది నేరుగా ఒక్క ఏటీపీని కూడా చెయ్యదు. అది మోసే ఎలక్ట్రాన్లు కణంలోని మైటోకాండ్రియా లోపలి పొరలోని ప్రోటీన్ల మీదుగా ఆక్సిజన్‌ దాకా వెళ్తాయి. దారిలో విడుదలయ్యే శక్తి 10 ప్రోటాన్లను పొర అవతలికి తోస్తుంది. దాని పని అక్కడితో సరి.

క్లాసులో అపార్ట్‌మెంట్ నీళ్లతో చెప్తాను. మోటారు సంపులోంచి పై ట్యాంకుకి ఎక్కిస్తుంది, మన కుళాయిలోకి దిగేది ట్యాంకు నీళ్లు. పొర అవతల పోగైన ప్రోటాన్లు కూడా ఏటీపీ సింథేజ్ అనే ఎంజైమ్ గుండా వెనక్కి దిగుతూ దాన్ని గిర్రున తిప్పుతాయి, ఆ తిరుగుడుకే ఏటీపీ తయారవుతుంది. పీటర్ మిచెల్ 1961లో ఈ మాటంటే చాలామంది ఒప్పుకోలేదు. ఆయనకు నోబెల్ వచ్చేసరికి 1978 అయింది. (ఏటీపీని 1929లో ఫిస్కేతో కలిసి కనిపెట్టింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా కనిపెట్టాడు. క్లాసులో ఇది చెప్పకుండా ముందుకు పోను.)

ఇప్పుడు లెక్క చూడండి. ఒక ఏటీపీకి దాదాపు 4 ప్రోటాన్లు ఖర్చు. మూడు సింథేజ్ తిరగడానికి, ఒకటి ముడిసరుకు లోపలికి తెచ్చి, తయారైంది బయటికి పంపడానికి. అంటే ఎన్‌ఏడీహెచ్‌కి రెండున్నర, అలాగే ఎలక్ట్రాన్లు మోసే ఎఫ్‌ఏడీహెచ్‌2కి ఒకటిన్నర. పది ఎన్‌ఏడీహెచ్‌లకు 25, రెండు ఎఫ్‌ఏడీహెచ్‌2లకు 3, ప్రోటాన్లతో పని లేకుండా నేరుగా వచ్చేవి 4, మొత్తం 32. గ్లైకాలిసిస్‌లో, అంటే మైటోకాండ్రియా బయట గ్లూకోజ్ విరిగే మొదటి దశలో, పుట్టిన ఎన్‌ఏడీహెచ్‌కి పొర దాటడం కుదరదు, దాని ఎలక్ట్రాన్లు ఇంకో దారిన లోపలికి రావాలి. ఆ దారి ఏదన్నదాన్ని బట్టి 30కి కూడా దిగుతుంది.

"సార్, ట్యాంకుకి చిల్లు పడితే?" అని ఒకమ్మాయి అడిగింది. ఆ రోజు సిలబస్ పక్కన పెట్టేశాను. పడుతుంది, కావాలని కూడా! పసిపిల్లల బ్రౌన్ ఫ్యాట్‌లో (ఒంటిని వెచ్చగా ఉంచే కొవ్వులో) ప్రోటాన్లు సింథేజ్‌ను తప్పించుకుని దిగిపోతాయి, ఏటీపీ బదులు వేడి పుడుతుంది. డీఎన్‌పీ అనే రసాయనమూ ఇదే చేస్తుంది. 1930లలో అమెరికాలో సన్నబడటానికి వాడారు, ఒళ్లు విపరీతంగా వేడెక్కిపోయి కొందరు చచ్చిపోయారు. బరువు తగ్గిస్తామంటూ ఎవరైనా అది అమ్మజూపితే దాని జోలికి పోకండి.