అణువు పడుకుందో లేదో ముందు చూసుకో

చిరంజీవి స్రవంతికి పెదనాన్న ఆశీస్సులు.

పీహెచ్‌డీకి కాపర్ థాలోసయనిన్ (పలకలాంటి అణువులుండే నీలిరంగు పదార్థం) సోలార్ సెల్ పట్టుకున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. గర్వంగానూ ఉంది, కంగారుగానూ ఉంది. 1986లో టాంగ్ అనే శాస్త్రవేత్త రెండు పొరల సెల్‌తో దాదాపు 1 శాతం సామర్థ్యం సాధించింది ఈ పదార్థంతోనే. సామర్థ్యంలో కొత్తవి దీన్ని ఎప్పుడో దాటేశాయి గానీ, అణువు ఎటు తిరిగి ఉందో చూడటం నేర్చుకోవడానికి ఇది చాలా మంచిది.

ఐటీఓ (కరెంటు పారే పారదర్శక పూత) ఉన్న గాజు కడగడం నీకు చెప్పక్కర్లేదు: సబ్బునీళ్లు, అయాన్లు తీసేసిన డీఐ వాటర్, అసిటోన్, ఐపీఏ ఆల్కహాల్, ఒక్కోదాంట్లో 10 నిమిషాలు సోనికేషన్ (ధ్వని తరంగాలతో కుదపడం), ఆపైన యూవీ ఓజోన్.

ఉత్త ఐటీఓ మీద ఈ పలక అణువులు అంచు మీద నిలబడతాయి. అడుగున కాపర్ అయొడైడ్ పలచగా వేస్తే పడుకుంటాయి. పడుకున్న అణువు నిట్టనిలువుగా పడే వెలుతురుని ఎక్కువ పీలుస్తుంది, దొంతర నిలువుగా పేరుకుంటుంది కాబట్టి హోల్స్ (ధనావేశాలు) కిందికి తేలిగ్గా దిగుతాయి. 3 నానోమీటర్లతో మొదలుపెట్టు. మందం పెంచితే పొర గరుకెక్కి సెల్ షార్ట్ అవుతుంది. ఒక పొర వేశాక రెండోది వేసేలోపు ఛాంబర్‌లోకి గాలి వదలకు.

నా భయమంతా ఒక్క తప్పు గురించే. కరెంటు పెరగగానే "అణువులు పడుకున్నాయి" అని రాసేస్తారు. తొందరపడకమ్మా! కరెంటు వేరే కారణాలవల్లా పెరగొచ్చు. కాపర్ అయొడైడ్ ఐటీఓ వర్క్ ఫంక్షన్‌నీ (ఎలక్ట్రాన్‌ని బయటికి లాగడానికి కావాల్సిన శక్తి) మారుస్తుంది. గరుకువల్ల పైనున్న సీ60తో (ఎలక్ట్రాన్లని అందుకునే కార్బన్ పొర) తాకే వైశాల్యమూ పెరుగుతుంది. అన్నిటికంటే మోసం చేసేది మందం. పడిన బరువుని బట్టి మందం లెక్కగట్టే క్రిస్టల్ మానిటర్‌లో పదార్థం సాంద్రత మనమే ఇవ్వాలి: కాపర్ అయొడైడ్‌ది 5.67, థాలోసయనిన్‌ది 1.6 చిల్లర. మొదటిది వేశాక అంకె మార్చడం మరిచిపోతే, మానిటర్ 25 నానోమీటర్లని చూపించే వేళకి నిజంగా పడిన థాలోసయనిన్ 90కి దగ్గర. ఎక్సిటాన్ (వెలుతురు పుట్టించే ఎలక్ట్రాన్-హోల్ జంట) నడిచేదే 10 నానోమీటర్ల దాకా. ఆ సెల్ సర్వనాశనం. అదే తిరగేసి, థాలోసయనిన్ అంకె ఉంచేసి అయొడైడ్ వేస్తే, 3 అనుకున్న అడుగుపొర 1 కూడా ఉండదు, సగం అణువులు నిలబడే ఉంటాయి. అందుకే ప్రతి రన్‌లో ఒక ముక్క గీసి ప్రొఫైలోమీటర్‌తో (గీత లోతు కొలిచే పరికరం) మందం చూడు. అయొడైడ్ ఉన్నదీ లేనిదీ ఒకే రన్‌లో, పక్కపక్కనే పెట్టి థాలోసయనిన్ వెయ్యి.

అణువు ఎటు తిరిగిందో చెప్పే ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రే పరీక్ష) ఉత్త గాజు మీద కాదు, సెల్ కట్టే ఐటీఓ మీదే తియ్యి. నిలబడితే 6.8 డిగ్రీల దగ్గర పీక్ ఉంటుంది. పడుకుంటే అది పోయి 26.7, 27.6 దగ్గర వస్తాయి. 25.5 దగ్గర కనిపిస్తే మురిసిపోకు, అది కాపర్ అయొడైడ్‌దే.

బోటు (పొడిని వేడిచేసే లోహపు తొట్టి) చల్లారకుండా ఛాంబర్ తెరవకు. గోడలకి అంటిన పొడి గోకేటప్పుడు మాస్క్ తప్పనిసరి. రాత్రిళ్లు ఒక్కదానివే ల్యాబ్‌లో ఉండకు, దీనికి వాదన వద్దు.

అయొడైడ్ ఉన్నదానిదీ లేనిదానిదీ ఎక్స్‌ఆర్‌డీ గ్రాఫులు రెండూ ఒకే స్కేలు మీద వేసి పంపు. అవి చూశాకే కరెంటు సంగతి మాట్లాడుకుందాం.

పెదనాన్న