బోరు నీళ్లతో టర్బైన్ తిప్పి, ఆ కరెంటుతో అదే మోటరు నడుస్తదా?

నడవదు. నల్గొండ వైపు ఒక బోరు లెక్క చూడండి. నీటిమట్టం నుంచి పైన ట్యాంకు దాకా మొత్తం 100 మీటర్ల ఎత్తు, 5 హెచ్‌పీ మోటరు అనుకుందాం. లైను నుంచి దాదాపు 4.5 కిలోవాట్లు లాగుతుంది. పంపుసెట్ సామర్థ్యం 40 శాతమైతే సెకనుకు 1.8 లీటర్లు ఎక్కుతాయి. ట్యాంకు నేల నుంచి 10 మీటర్లే కాబట్టి కింద పడే నీటిలో ఉండే శక్తి 1.8 × 9.81 × 10, అంటే సుమారు 177 వాట్లు. చిన్న టర్బైన్, జనరేటర్ కలిసి అందులో సగం తినేస్తాయి. మిగిలిన 90 వాట్లతో పది ఎల్‌ఈడీ బల్బులు వెలుగుతాయేమో!

ట్యాంకు ఎత్తు పెంచితే పంపు మీద భారమూ పెరుగుతుంది. ఫ్లైవీల్ (బరువైన చక్రం) బిగిస్తే ఆగడం కాస్త ఆలస్యమవుతుంది, అంతే. వీడియోల్లో ఆగకుండా తిరుగుతుంటే బల్ల కింద వైరు వెతకండి.

ఈ ఆశ పాతదే. 1150 ప్రాంతంలో భాస్కరాచార్యుడు ఆకుల్లో (చక్రం మధ్య నుంచి అంచుకు ఉండే కడ్డీల్లో) సగం పాదరసం నింపిన, తనంతట తిరిగే చక్రాన్ని వర్ణించాడు. బరువు ఒకవైపు దూరంగా జరిగినా, రెండోవైపు ఎక్కువ ఆకులు చేరి సరితూగుతాయి. విసుగెత్తిన ఫ్రెంచ్ సైన్స్ అకాడమీ 1775లోనే ఇలాంటి యంత్రాలను పరిశీలించడం మానేసింది.